బెల్టులో చివరి మూర

తప్పు నీదని ఎవరన్నారు బావా? అక్కా? అక్క ఏదో బాధలో అని ఉంటుందిలే. పిల్లకి భుజం ఎముక విరిగి, చెయ్యి మెడకి పట్టీతో వేలాడదీసుకుని కూర్చుంటే ఏ తల్లి మాత్రం ఊరుకుంటుంది? అదే పట్టుకుని నువ్వు మూడు రోజులుగా తిండి మానేస్తే ఎలా?

కూర్చో. అయ్యో, ఆ టైరు మీద వద్దు, గ్రీజుంది. ఈ స్టూలు లాక్కో. నుదుటి మీద కుట్లకి చెమట తగలనివ్వకు.

మళ్ళీ అదే మాట! "కొంచెం స్పీడుగా వెళ్ళానేమో" అట. అరవైలో వెళ్తే స్పీడా? నడుస్తున్న బండి ఉన్నట్టుండి ఆరిపోయి, స్టీరింగు బిగుసుకుపోయి, బ్రేకు ఎంత తొక్కినా దిగకపోతే ఎవడైనా రోడ్డు పక్క రెయిలింగుని గుద్దాల్సిందే. పైగా ఆరు ఎయిర్‌బ్యాగుల్లో ఒక్కటి తెరుచుకుందా? లేదే!

ఏంటీ? "నువ్వు చూసి కొనమన్న బండిలో లోపమేం ఉంటుంది" అంటావా? బాబ్బాబు, ఆ మాట మాత్రం అనకు బావా. నీకు దండం పెడతాను.

ఇలా వంగి చూడు. పొద్దున్నే సీట్లు ఊడదీసి కార్పెట్ ఎత్తాను. కింద వైర్ల జాయింట్లు చూశావా, పచ్చగా ఎలా చిలుం పట్టాయో! ఇది ఎప్పుడో వరదలో మునిగిన బండి. సీట్ల దాకా మునిగింది. కడిగి, ఎండబెట్టి, సెంటు కొట్టి మనకి అంటగట్టారు. ఆరిపోయింది అందుకే. నీ స్పీడు వల్ల కాదు.

ఆగాగు! ఎక్కడికి లేస్తున్నావ్? అమ్మినాయన చొక్కా తర్వాత పట్టుకుందువుగాని. ముందు నా మాట విను. ఇంకా అసలు సంగతి చెప్పలేదు.

సెకండ్ హ్యాండు బండి చూసేటప్పుడు అందరూ ఏం చూస్తారు? రంగు చూస్తారు. తలుపు దబ్బుమని వేసి చప్పుడు వింటారు. నేను మాత్రం ముందు సీటు బెల్టు లాగుతాను. చివరిదాకా. ఎందుకంటే, నీళ్ళలో మునిగిన బండిని ఎంత కడిగినా, బెల్టు లోపల చుట్టుకుని ఉండే ఆ చివరి మూర ఎవడూ కడగడు. బురద చార అక్కడే ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఈ వీధిలో అందరికీ పాఠం చెప్పాను. కుర్రమెకానిక్కులు నా వెనకాల నన్ను "బెల్టు మాస్టారు" అంటారు, తెలుసా? వెక్కిరింతే అనుకో. అయినా లోపల్లోపల మురిసిపోయేవాణ్ణి.

మరి ఈ బండి చూసిన రోజు ఏం పుట్టిందో నాకు! అంత పెద్ద బండి, తోలు సీట్లు, పైన అద్దం జరిగితే ఆకాశం. దానికి తోడు ఆ అమ్మినాయన, ఇస్త్రీ చొక్కా, నన్ను పట్టుకుని "సార్, తాళం మీరే తీసుకోండి, మీకు తెలియనిదేముంది" అన్నాడు. నన్ను! గోళ్ళలో మసి పోనివాణ్ణి పట్టుకుని సార్ అన్నాడు! ఇంజను విన్నాను, కిందకి దూరి చూశాను, అంతే, అందరి ముందూ గట్టిగా అనేశాను, "బంగారంలాంటి బండి, కళ్ళు మూసుకుని తీసేసుకోండి" అని. బెల్టు సంగతే మర్చిపోయాను.

అక్క అప్పుడేమందో గుర్తుందా నీకు? "మా తమ్ముడు చూశాడంటే ఇక ఇంకెవరూ చూడక్కర్లేదు" అంది. చిన్నప్పుడు నేను బడి మానేసి షెడ్డులో చేరితే ఏడాది నాతో మాట్లాడని అక్క. నలుగురి ముందూ నా గురించి ఒక మంచి మాట అనడం అదే మొదటిసారి.

తర్వాత ఒక రౌండు నడుపుదామని ఎక్కాను. బెల్టు పెట్టుకోబోతే చెయ్యి అలవాటు కొద్దీ చివరిదాకా లాగేసింది.

ఉంది బావా. చార ఉంది. వేలెడు వెడల్పు, ఎండిన బురద.

పక్క సీట్లోంచి అక్క "ఏంట్రా?" అంది. "ఏం లేదే, గట్టిగా ఉందో లేదో చూస్తున్నా" అన్నాను. వదిలేశాను. సర్రున లోపలికి వెళ్ళిపోయింది.

అన్న మాట వెనక్కి తీసుకోవడానికి నాకు నోరు రాలేదు. అంతే! ఎవడూ నన్ను బెదిరించలేదు, కొనలేదు. "అయ్యో, పొరపాటు పడ్డాను, ఇది వద్దు" అంటే నా తల పోయేదా? మహా అయితే అక్క ఒకసారి నవ్వేది. ఆ నవ్వుకి భయపడ్డాను. ఈ నాలుగు నెలల్లో ఎన్నిసార్లు చెబుదామనుకున్నానో! మీ ఇంటి గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళాను. నన్ను బండెక్కమని పాప పిలిచినప్పుడల్లా పనుందని తప్పించుకున్నాను కదా, ఎందుకనుకున్నావ్? నేనెక్కడానికి భయపడ్డ బండిలో దాన్ని ఎక్కనిచ్చాను. ఛీ, నేనూ ఒక మేనమామనేనా!

ఎందుకలా నవ్వుతున్నావ్? నమ్మవా? అక్క నిన్ను తిడుతోందని, నీ మీద జాలితో తప్పు నా నెత్తినేసుకుంటున్నాననుకుంటున్నావా?

అయ్యో బావా! రా, ఇటు రా. డ్రైవరు సీటు బెల్టు ఇదే, ఆ రోజు తర్వాత కడగలేదు, ముట్టుకోలేదు. నువ్వే లాగు. ఇంకా లాగు. మధ్యలో ఆగుతుంది, ఆగినా లాగు. అదిగో.

చూశావుగా. ఆ చార మధ్యలో వేలిముద్ర ఉంది, చూడు. నల్లగా, గ్రీజుది. అది నా బొటనవేలు. ఆ రోజు బురదేనా కాదా అని గీకి చూసుకున్నాను.

కావాలంటే కొట్టు బావా. పోనీ తిట్టు.

అక్కకి ఫోన్ చేసి రమ్మన్నాను. బయట ఆటో ఆగింది, తనే అయ్యుంటుంది. నేనే చెబుతాను, నువ్వు మధ్యలోకి రాకు. ఆ బెల్టు మాత్రం వదలకుండా పట్టుకో. వదిలితే మళ్ళీ లోపలికి పోతుంది.