పలకని మెట్లు

దేవ్లా పోయిండు కాబట్టి మా జోడీ ఖతమైందని ఎవడన్నడు మామా? శనివారం మణుగూరు ఫంక్షన్ల మేమిద్దరమే వాయిస్తం, మాటిచ్చిన. సక్రీ, ఇంకో చాయ్ పొయ్యి, చెప్త.

మొదలు చిన్న ముచ్చటే. పినపాక పాత బడిల ఒక పియానో ఉండె. ఎనభై ఎనిమిది మెట్లల్ల పదిహేడింటిని చెదలు తిన్నయి, నొక్కితే టక్కుమని కట్టె చప్పుడే. దేవ్లా అవి గూడ నొక్కుతుండె. ఆ టక్కు వినంగనే ఆ స్వరం నేను నా కీబోర్డుల పలికించాలె. ముందుగాల ఏదీ అనుకునేది లేదు, వాడు అంటే నేను అందుకునుడే.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను వయొలిన్ సౌండు పెట్టిన, నెమళ్ళు వచ్చి కిటికీల కూసున్నయి.

"మొన్న రెండంటివి" అన్నడు మంగీలాల్ మామ.

మొన్న లెక్క తప్పిన, నలభై ఆరు. వాటెనుక ఎలుగుబంటి, ఇప్పపువ్వు నములుడు ఆపి తలూపింది. గనుల డంపర్లు ఇంజన్లు బంద్ పెట్టినయి. ఇగ గోదారి సంగతా? భద్రాచలం కాడ యాభై మూడడుగులు, మూడో హెచ్చరిక. దేవ్లా ఒక్క స్వరం నొక్కి పట్టిండు, పదకొండడుగులు దిగింది. మొదటి హెచ్చరిక గూడ ఎత్తేసిన్రు.

"గంతటోన్ని జ్వరమెట్ల తీస్కపోయిందిరా" అని మామ మెల్లగ అడిగిండు.

ఏడ తీస్కపోయింది? దవాఖానతోని కానిది నా కీబోర్డుతోని అయింది. ఆఖరుసారి వాడు వాయించింది ఇందుల రికార్డున్నది. నేను అడుగుత, వాడు జవాబిస్తడు, ఇనున్రి.

బటన్ నొక్కిన. పియానో వచ్చింది. నేను అందుకున్న. మంచిగనే కుదిరింది.

దేవ్లా చెల్లె లాలి అటే పోతున్నది. తునికాకు మూట దించి నిలబడ్డది. ఇంకోటి వాయించు అన్నది. రికార్డు మళ్ళ మొదటికెళ్ళి పెట్టి, నేను వేరేది వాయించిన. అండ్లకెళ్ళి మొదటిదే వచ్చింది.

"నువ్వేమడిగినా ఒకటే చెప్తున్నడు జగదీషన్నా" అన్నది. "మా అన్న ఒకసారి వాయించింది మళ్ళ వాయించెటోడా? శనివారం ఒక్కనివే పో."

మూట ఎత్తుకోని పోయింది. రికార్డు నడుస్తనే ఉన్నది. అండ్ల టక్కుమన్నది. ఆ స్వరం పలికించాల్సింది నేనే. వేలు పెట్టిన గాని నొక్కలే.