కాలేజీ చొక్కా లేని పరుగు

పరుగుపందెం మొదలయ్యే వేళకి, మైదానం పక్క గదిలో బూట్ల తాళ్ళు బిగిస్తున్న అమ్మాయిని చూసి కోచ్ మేడమ్ గబగబా లోపలికొచ్చింది.

"ముందా కాలేజీ చొక్కా మార్చుకో తల్లీ! కొంప ముంచేదానివి."

"అయ్యో! అలవాటుకొద్దీ వేసేసుకున్నా మేడమ్."

"నిన్ననేగా చెవినిల్లు కట్టుకుని చెప్పాను? కాలేజీ తరఫున పరిగెత్తడానికి నీకున్నవి నాలుగేళ్ళే. ఈ చొక్కాతో ఒక్క పందెంలో దిగినా ఒక ఏడాది ఖర్చయినట్టే. కాలు విరిగి ఈ సీజనంతా ఇంట్లో కూర్చున్నావు కాబట్టి ఈ ఏడాది ఇంకా లెక్కలోకి రాలేదు. చివరాఖరి పందెం కోసం ఏడాది పోగొట్టుకుంటావా?"

"అయితే దిగొద్దంటారా?"

"దిగొద్దని ఎవరన్నారు? కాలేజీ పేరు లేకుండా సొంతంగా దిగు. దానికి రూలు ఒప్పుకుంటుంది. ఇదిగో, నా పాత చొక్కా."

"ఇందులో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు మేడమ్!"

"వేళాకోళం చాలు. ఫస్టొచ్చినా కాలేజీకి ఒక్క పాయింటూ రాదు, గుర్తుంచుకో."

అమ్మాయి తలుపు చాటున చొక్కా మార్చుకుని, నడుము దగ్గర పిన్నీసు పెట్టుకుంటూ వచ్చింది.

"కాలెలా ఉంది? నిజం చెప్పు."

"నేను చెబితే నమ్మరుగా. చివరి మలుపు దగ్గర నిలబడండి, మీకే తెలుస్తుంది."

"పాయింట్లు రాని పరుగుకి ఇంత హుషారేమిటే నీకు?"

"వచ్చే ఏడు నాతో పోటీకొచ్చేవాళ్ళంతా ఇవాళ ఇక్కడే ఉన్నారుగా మేడమ్. నా వీపు ఎలా ఉంటుందో ముందే చూసిపెట్టుకోనివ్వండి."