తోక మీద బరువు

చౌటుప్పల్ దగ్గరి ఊళ్లో, ఒకప్పుడు మగ్గం ఆడిన రేకుల షెడ్డు. అందులో తమ్ముడు సొంతంగా కట్టుకున్న చిన్న విమానం ముందు చక్రంలో గాలి లేక ముక్కు వంచి నిలబడి ఉంది. అతను అక్కను పిలిచాడు.

“అక్కా, జర తోక మీద కూసో. ముక్కు లేస్తది, కింద జాకీ పెడత.”

“రెండేండ్ల సంది షెడ్డులకు రానియ్యనోనివి, ఇయ్యాల నా బరువు పనికొచ్చిందా?”

“నవ్వియ్యకు, కదలకుండ కూసో. పోయినసారి జాకీ జారి వేలు నలిగింది.”

“మరి గీసారి?”

“వట్టి జాకీని నమ్మ. పక్కన చెక్కదుంగలు పేరుస్తున్న.”

“గా దుంగ ఇటు తిప్పు.”

“ఎందుకు?”

“తిప్పు తమ్మీ. నడుమ నున్నగ అరిగింది సూడు. అది నా మగ్గం దుంగ. నేసిన చీరెలన్ని దానికే చుట్టిన. నా కడుపు ఆని ఆని గట్ల అరిగింది.”

“మంచి టేకు గదా అక్కా, పగలదు.”

“విమానం ఎగిరినంక మగ్గం మళ్ల బిగిస్తనంటివి. అటుక మీద భద్రంగ పెట్టిననంటివి.”

“నువ్వు మందుల కంపెనీకి పోవడ్తివి. ఇంక నేస్తవా ఏంది?”

“మళ్ల నేస్తననే ఆశతోనే గా కంపెనీల సీసాలు కడుగుతున్న. మిగిలిన కట్టెలు ఏడున్నయి?”

“కోసిన. రెక్కలకు ఆసరగ కింద పెట్టిన... అక్కా, దిగకు! నా చెయ్యి కింద ఉన్నది.”

“కనపడుతాంది. అందుకే ఇంకా కూసున్న. చెయ్యి తీస్కో, దిగుత.”