పాప బొడ్డుతాడు

అలా గోడవైపు తిరిగి పడుకోకక్కా! ఫోన్ చేస్తే ఎత్తవు, ఇంటికొస్తే బావ చేత నిద్రపోతోందని చెప్పిస్తావు... నేనేం పరాయిదాన్నా? రెండయింది. నాలుగింటికి ల్యాబ్‌లో మా ప్రొఫెసర్ మెషీన్ ఆన్ చేసేస్తాడు. ఆలోపు నువ్వొక్క మాట చెప్పాలి. తర్వాత తిట్టు, కొట్టు, నీ ఇష్టం.

పాప బొడ్డుతాడులోంచి తీసిన కణాలింకా బతికున్నాయని నీకెందుకు చెప్పానంటావా? చెప్పకుండా ఎలా ఉండను!

నీ ఆరో నెలలో మా ల్యాబ్ ఫారం తెచ్చానా లేదా? "కాన్పయ్యాక బొడ్డుతాడు పారేసేదేగా, పట్టుకుపోవే" అని నవ్వుతూ సంతకం పెట్టావు. నిజమే, పాప మనకి దక్కదని అప్పుడెవరనుకున్నారు.

ఆ తాడులో రక్తనాళం ఉంటుందక్కా. దాని లోపలి గోడకి కణాలు నాపరాళ్లు పరిచినట్టు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. వాటిని తీసి పల్చటి రబ్బరు పొర మీద పెంచుతాం. ఆ పొరని మెషీన్ లాగుతుంది, వదుల్తుంది, నాడి కొట్టుకున్నట్టు. ఎంతవరకు కలిసుంటాయి, ఎక్కడ విడిపోతాయి అని చూడటమే నా ఉద్యోగం.

నెలలు నిండని పిల్ల, ఊపిరితిత్తుల్లో సన్న నాళాలు తట్టుకోలేక లోపలే రక్తం చిమ్మిందని చెప్పింది కదా డాక్టరమ్మ? ఆ మాట విన్నాక మైక్రోస్కోపు ముందు నేనెలా కూర్చుంటున్నానో నీకేం తెలుసు!

విను, కాస్త విను. మొదట కొంచెమే లాగాను. విడిపోతాయేమోనని ఒకటే దడ. తీరా చూద్దును కదా... ఇంకా గట్టిగా పట్టుకున్నాయక్కా! లాగకముందు అంచులు వంకరటింకరగా, వదులుగా ఉన్నాయి. లాగాక బిగిసిపోయి తిన్నగా అయ్యాయి. ఒక్కటీ పక్కదాన్ని వదల్లేదు. అక్కడే ఏడ్చేశాను, అందరి ముందూ.

కానీ దానికీ ఓ హద్దుంది. మరీ లాగితే, ఆపకుండా లాగితే, మధ్యలో సందులు పడతాయి. ఇవాళ చేయబోయేది అదే. పాప కణాలున్నది ఇంక ఒక్క ప్లేటే మిగిలింది. ఇంక పెరగవు కూడా, ఈ వారం దాటితే వాటంతటవే పోతాయి. ప్రొఫెసర్‌ని ఏమనగలం? అవి ఎవరివో ఆయనకి తెలీదు. ప్లేటు మీద ఉండేది నంబరే.

వద్దంటే ఇప్పుడే వెళ్లి తీసేస్తాను, ఉద్యోగం ఊడితే ఊడనీ. సరేనంటే నేనే చేస్తాను, ఇంకొకళ్లని ముట్టుకోనివ్వను. ఏదో ఒకటి చెప్పవే, నీ కాళ్లు పట్టుకుంటాను!

ఏంటి?... చివరిదాకా పాప దగ్గరున్నది నువ్వే కదా, నువ్వే చెప్పు అంటున్నావా?

లేనక్కా. దగ్గర లేను.

ఏడుపు వినిపించింది. బాగానే ఉందనుకున్నా. ఆలస్యమైతే కణాలు పాడైపోతాయని తాడుని ఐసు డబ్బాలో పెట్టుకుని ల్యాబ్‌కి పరిగెత్తాను. నలభై నిమిషాలు బతికింది పాప. ఆ నలభై నిమిషాలూ నేను చేతులకి గ్లవుజులేసుకుని తాడు కడుగుతూ కూర్చున్నాను. నీకు మత్తు దిగలేదు. బావ రక్తం కోసం పరిగెత్తాడు. దాని దగ్గర మనవాళ్లెవరూ లేరక్కా.

కళ్లు తెరిచిందనీ, నా వేలు పట్టుకుందనీ నీకు చెప్పానే... అదంతా నేను కల్పించిందే.

నేనొచ్చేసరికి మొహం మీద గుడ్డ కప్పేశారు.