ఇంటి మ్యాచ్‌కి దూరప్రయాణం

బిస్కెట్ ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టు బస్సు అది. ముందు సీట్లో కోచ్, స్టీరింగ్ దగ్గర పెద్దవాడైన డ్రైవరు, తెరలు దించిన వెనక సీట్లలో ఆటగాళ్ళు. పొద్దుటి నుంచీ బస్సు ఊరు చుట్టూ తిరుగుతూనే ఉంది. ఎందుకో వాళ్ళ నోటే వినడం మంచిది.

"మళ్ళీ ఎడమకేనా కోచ్ గారూ?"

"ఎడమకే బాబాయ్. నీళ్ళ ట్యాంకు దాటాక బైపాస్ ఎక్కు. లారీల అడ్డా మీదుగా మళ్ళీ నీళ్ళ ట్యాంకు దగ్గరికి వచ్చెయ్."

"ఆ ట్యాంకు కింద సైకిళ్ళు బాగుచేసే ఆయన మనం వచ్చినప్పుడల్లా చెయ్యి ఊపుతున్నాడండీ. ఇందాక పని ఆపి లేచి నిలబడ్డాడు కూడా."

"ఊపనీ. నువ్వు అటు చూడకు, కుర్రాళ్ళకి అనుమానం వస్తుంది. వాళ్ళ లెక్కలో మనం ఊరు దాటి చాలా దూరం వచ్చేశాం."

"వాళ్ళకేం చెప్పారేంటి?"

"చివరి మ్యాచ్ మనూళ్ళో కాదు, పైవాళ్ళు ఆఖర్న మార్చేశారు, రేవు పట్నంలో ఆడాలి అని చెప్పా. నోరెత్తకుండా ఎక్కి కూచున్నారు. మధ్యాహ్నానికి మన మైదానం వెనక గేటు దగ్గర ఆపుతావు. అవతలి జట్టుకిచ్చే గదిలోంచి లోపలికి పంపిస్తాం. గేటు మీది బోర్డుకి గోనెపట్టా కప్పించేశా."

"మన మైదానం ఫ్యాక్టరీ గోడ పక్కనే కదండీ. నడిచెళ్తే పోయేది."

"నడిచెళ్తే ఓడతాం. ఈ ఏడాది ఏం జరిగిందో నీకు తెలియందేముంది? మైదానంలో కొత్త గడ్డి వేస్తున్నారని మొదట్లో వరసపెట్టి పైఊరి మ్యాచులే ఇచ్చారు. ఊళ్ళో అందరూ ఏమన్నారు? ఆ షెడ్యూలు చూసి, బస్సులో తిరిగి తిరిగి వీళ్ళు చచ్చిపోతారన్నారు. చచ్చామా?"

"లేదు."

"పోయిన చోటల్లా గెలుచుకొచ్చాం. పట్టికలో పైకెక్కి కాలు మీద కాలేసుక్కూచున్నాం. ఇంతలో గడ్డి మొలిచింది, ఇంటి మ్యాచులు మొదలయ్యాయి. అంతే. జారుడుబండ మీంచి వచ్చినట్టు జర్రున కిందికొచ్చేశాం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మనవాళ్ళు రచ్చంతా గెలిచొచ్చి ఇంటి గుమ్మంలో బోర్లా పడుతున్నారు."

"అది దేనివల్లంటారు?"

"ఇంటివల్లే. నాకు నిద్ర పట్టక ఇదంతా ఆలోచించా. గోల్ కీపర్ అత్తగారున్నారా? గోలు వెనకే కుర్చీ వేసుక్కూచుంటుంది. బంతి మీదికొస్తుంటే అతను ముందు ఆవిడకి నమస్కారం పెడతాడు. తర్వాత బంతి ఎక్కడుందా అని వెతుక్కుంటాడు."

"మర్యాదస్తుడు."

"మర్యాదకి మూడు గోల్స్ పడ్డాయి. ఇక ఆ కుడివైపు ఆడేవాడు. విరామంలో వాడి పెళ్ళాం వచ్చి, చంటిదాన్ని కాస్త పట్టుకో ఇప్పుడే వస్తానని చేతిలో పెట్టి పోయింది. రెండో సగమంతా వాడు పిల్లనెత్తుకునే ఆడాడు."

"ఆ రోజు అటువైపు నుంచి ఒక్క గోల్ కూడా పడలేదు లెండి. వాడి జోలికి ఒక్కడూ రాలేదు."

"నీకు నవ్వులాటగా ఉంది. ఇవాళ అవేవీ ఉండవు. వాళ్ళ ఇళ్ళల్లో కూడా మ్యాచ్ రేవు పట్నంలో అనే చెప్పించా. మనం పైఊరు పోతున్నాం బాబాయ్. మన ఊరినే పైఊరు చేసేశా."

"ఇవాళ గానీ ఓడామంటే..."

"ఆ మాట అనకు. ఓడితే కింది డివిజన్‌కి పోతాం. పోయిన మర్నాడే జట్టు మూసేస్తానని ఓనరు గారు నా మొహం మీదే చెప్పేశారు. మైదానంలో గోడౌను లేపుతారట. కుర్రాళ్ళు బిస్కెట్ పొయ్యిల దగ్గరికి, నేను ప్యాకింగ్‌కి, నువ్వు ఈ బస్సు దిగి పిండి లారీకి."

"లారీ నడపడం నాకేం కష్టం కాదండీ. కానీ గెలిచి వచ్చేటప్పుడు వీళ్ళు వెనక కూచుని పాటలు పాడతారు. పిండి బస్తాలు పాడవు కదా."

"పాడవు. అందుకే తిప్పు."

"తిప్పుతూనే ఉన్నా. మీకెలా ఉంది?"

"నాకేం?"

"అదే, ఒంట్లో."

"భేషుగ్గా ఉంది."

"భేషుగ్గానా?"

"భేషుగ్గా. ఎందుకు మాటిమాటికీ అడుగుతావు?"

"ఊరికేనండీ. మామూలుగా ఈపాటికి మీరు బకెట్ అడుగుతారు కదా అని."

"అదిగో, ఆ బకెట్ కథ ఇవాళ్టితో సరి. నేను మాత్ర వేసుకొచ్చా."

"మాత్రా?"

"మా ఆవిడ, అదే మీ కోడలు, తెచ్చింది. బస్సులో కడుపు తిప్పకుండా మందుల షాపుకి కొత్తగా వచ్చిందట. ఇన్నేళ్ళు పడ్డ అవస్థ చాలు, ఇవాళ పెద్ద మ్యాచ్, తల ఎత్తుకుని వెళ్ళండి అంది పాపం. రెండు వేసుకున్నా."

"రెండా."

"బస్సెందుకు స్లో చేశావు?"

"ఏం లేదు. బడి వెనక గతుకుల రోడ్డొకటుంది. అటు పోనివ్వనా?"

"ఎందుకు?"

"కాస్త మార్పుగా ఉంటుందని."

"పోనీ. ఎటైనా పోనీ, ఇవాళ నన్ను ఏ రోడ్డూ ఏం చెయ్యలేదు. అదిగో, అంత గొయ్యి వచ్చిందా, నా చేతిలో టీ తొణికిందా?"

"తొణకలేదు."

"అంత దిగులుగా చెప్తావేం? నా బుర్ర బస్సులో పనిచెయ్యడం ఇదే మొదటిసారి. కొండమీది ఊరి మ్యాచ్ గుర్తుందా? నాకు నోట మాట లేదు. పడుకునే రెండు వేళ్ళు ఎత్తా. అంతే, ఇద్దరు ముందుకురికి గోల్ కొట్టారు. ప్రాణం పోతున్న స్థితిలో అంత చేసినవాణ్ణి, ఇవాళ ఈ ఓపికతో ఎంత చేస్తానో చూడు."

"ఎంత చేస్తారేంటి?"

"ఇందాకే కొత్త ఎత్తు వేశా. గోల్ కీపర్ని ముందుకి పంపుతా."

"ఎంత ముందుకి?"

"అవతలి గోలు దాకా. తాటిచెట్టంత ఉన్నాడు. తలతో కొడతాడు."

"మరి మన గోలు దగ్గర?"

"మా అల్లుడు."

"కెప్టెనా? ఈ ఏడాది గోల్స్ అన్నీ కొట్టింది ఆయనేగా."

"అందుకే. ఎలా కొడతారో తెలిసినవాడికేగా ఎలా ఆపాలో తెలిసేది. మిగతావాళ్ళని నేను చూసుకుంటా. మైదానం గీత పక్కనే నిలబడి అడుగడుగూ చెప్తా. ఒక్కణ్ణి కూడా సొంతంగా ఆలోచించనివ్వను."

"అమ్మో."

"ఏంటీ?"

"గేరు పడట్లేదండీ. ఒకసారి మీ అల్లుడుగార్ని పిలుస్తా ఉండండి. కెప్టెన్ గారూ, ఇలా ముందుకి రండి."

"ఏంటి బాబాయ్? నమస్కారం మామయ్యగారూ."

"కూచో అల్లుడూ. తెర మాత్రం తియ్యకు. రేవు పట్నం ఇంకా రాలేదు."

"కెప్టెన్ గారూ, మీ మామగారు మాత్ర వేసుకున్నారట."

"ఏం మాత్ర?"

"కడుపు తిప్పకుండా. రెండు."

"రెండా? ఎప్పుడు?"

"పొద్దున్నేనయ్యా. ఇద్దరూ చావుకబురు విన్నట్టు అలా చూస్తారేంటి?"

"అబ్బే, చాలా మంచిది మామయ్యగారూ. అయితే ఒంట్లో బాగానే ఉందా?"

"భేషుగ్గా."

"కొంచెం కూడా తల తిరగడం లాంటిది..."

"లేదు."

"వికారం?"

"లేదు."

"వెనక చక్రం మీద సీటు ఖాళీగానే ఉంది. కాసేపు నడుం వాలుస్తారేమోనని. అక్కడైతే డీజిల్ వాసన కూడా బాగా..."

"డీజిల్ వాసన బాగా ఏంటి?"

"గాలి బాగా వస్తుందని మామయ్యగారూ."

"నాకు నడుం వాల్చే తీరికెక్కడిది? నీతోనే పనుంది. ఇవాళ నువ్వు గోలు కాస్తున్నావు."

"నేనా?"

"నువ్వే. వివరంగా చెప్తా విను. ముందు గోల్ కీపర్..."

"బాబాయ్, మామయ్యగారికి నువ్వు చెప్పు."

"నేనెందుకు చెప్తా? మీ మామగారు. మీరే చెప్పండి."

"పిల్లనిచ్చిన ఆయనకి నేనెలా చెప్పను?"

"జట్టు మూసేశాక చెప్తారా మరి?"

"ఏంటి నాకు చెప్పేది? ఓహో, అర్థమైంది. మనం ఊళ్ళోనే ఉన్నామని కుర్రాళ్ళకి తెలిసిపోయింది. అంతేనా?"

"అది మొదటి చుట్టులోనే తెలిసింది మామయ్యగారూ. ఫ్యాక్టరీ దాటినప్పుడల్లా బిస్కెట్ల వాసన వస్తోంది. తెరలకి వాసన ఆగదు కదా."

"మరి ఒక్కడూ నోరు మెదపలేదేం?"

"ఎందుకు మెదుపుతాం? మనూళ్ళో ఆడాల్సిన మ్యాచ్‌కి మీరు బస్సెక్కుతానన్నారు. ఆ మాట విని కుర్రాళ్ళు నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు."

"నేను బస్సెక్కితే మీకెందుకంత సంతోషం?"

"అదీ..."

"చెప్పేయండి కెప్టెన్ గారూ. ఇంకో మలుపు తిరిగితే మైదానమే."

"కొండమీది ఊళ్ళో మీరు రెండు వేళ్ళెత్తారు చూడండి, అది మేం రెండో బకెట్ అనుకున్నాం."

"అది బకెట్టే. అయితే ఏం, గోల్ పడిందా లేదా?"

"పడింది. ఒకడు బకెట్ తేవడానికి పోయాడు, మిగతావాళ్ళం ఆడుకున్నాం. పైఊళ్ళలో ఎప్పుడూ అంతే మామయ్యగారూ. మీరు తడి తువ్వాలు మొహాన కప్పుకుని బెంచీ మీద పడుకుంటారు. మేం ఆడుకుంటాం. గెలుస్తాం."

"మరి ఇంటి దగ్గర?"

"ఇంటి దగ్గర మీరు ఆరోగ్యంగా ఉంటారు."

"బాబాయ్, బస్సాపు."

"సర్కిల్లో ఉన్నామండీ. ఆపితే వెనక లారీ గుద్దేస్తుంది."

"అంటే నావల్లనా? గోల్ కీపర్ అత్తగారి వల్ల కాదా?"

"ఆవిడ పైఊళ్ళకీ వస్తారు. కుర్చీ కూడా తెచ్చుకుంటారు. మీరు ఒక్కసారీ తువ్వాలు తీసి చూడలేదు, అంతే."

"ఆ చంటిది?"

"దానికి అన్ని ఊళ్ళూ అలవాటే."

"అందరికీ తెలుసా ఈ సంగతి?"

"అందరికీ."

"మా అమ్మాయికి?"

"వెనక చక్రం మీది సీటు తనే చెప్పింది. నాన్నకి అక్కడైతే త్వరగా మొదలవుతుందని."

"కన్న కూతురు. మరి మీ అత్తయ్యకి?"

"ఆవిడకి చెప్పడానికే ఎవరికీ నోరు రాలేదు."

"అందుకే పాపం మాత్ర తెచ్చింది. ఒక్క మాట అడుగుతా, నా మొహం చూసి చెప్పు అల్లుడూ. నేను మీకు నేర్పిందేం లేదా?"

"అంతా మీరు నేర్పిందే. ఒట్టు. బంతి కనబడితే తన్నడమే ఆట అనుకునే రోజుల నుంచీ మీరే నేర్పారు. వారమంతా మీరు నేర్పుతారు, అదే ఆడతాం. కానీ ఆట మొదలయ్యాక మళ్ళీ మొదట్నుంచీ నేర్పడం మొదలుపెడతారు. అప్పుడు ఎవరి మాట వినాలో మా కాళ్ళకి తెలియదు."

"ఇన్నాళ్ళూ ఇంటిని తిట్టుకున్నానే. ఆడలేక మద్దెల ఓడు అన్నవాణ్ణి నేనే అన్నమాట."

"మీరలా అనుకోకండి కోచ్ గారూ. నాకు బాధగా ఉంది."

"నీకు బాధేంటి, ఇందాకటి నుంచీ గొయ్యి కనబడితే చాలు వెతికి మరీ దింపుతున్నావు. సరే, ఇవాళ నోరు మూసుకుని బెంచీ మీద కూచుంటా. చాలా?"

"కూచోగలరా మామయ్యగారూ?"

"కూచోలేను. నా సంగతి నాకు తెలుసు. విజిల్ లాక్కున్నా అరుస్తా. నోటికి గుడ్డ కట్టినా చేతులూపుతా. పోనీ ఇక్కడే దించేయండి, ఇంటికి పోతా."

"బెంచీ మీద కోచ్ లేకపోతే మ్యాచ్ అవతలివాళ్ళకి ఇచ్చేస్తారు. రూలు."

"కోచ్ స్పృహలో ఉండాలని రూలుందా?"

"అలాగైతే లేదు."

"ఆటకి ఇంకా ఎంతసేపుంది?"

"గంటకి పైనే ఉంది. కానీ రెండు మాత్రలు కదండీ. సాయంత్రం దాకా వాటి ప్రభావం పోకపోవచ్చు."

"మాత్ర గొప్పదా, నీ డ్రైవింగ్ గొప్పదా? పాత క్వారీకి పోయే దారి తెలుసు కదా?"

"ఆ దారిలో గొర్రెలు కూడా నడవలేకపోతున్నాయండీ. మీ వయసుకి..."

"అటే పోనీ. అల్లుడూ, నా చెయ్యి పట్టుకో. ఆ వెనక చక్రం మీది సీటుకి తీసుకెళ్ళి కూచోబెట్టు. కిటికీ మూసెయ్."

"మామయ్యగారూ, వద్దు. ఎలాగోలా ఆడతాం. మీరు ముందే కూచోండి."

"కళ్ళనీళ్ళు తుడుచుకో, కెప్టెన్‌వి. నిన్ను గోలు దగ్గర నిలబెట్టే మనిషిని నువ్వు ముందు సీట్లో కూచోబెడతావా? బాబాయ్, నిన్నే. మలుపుల్లో బ్రేకు మీద కాలు పెట్టకు. నేను ఆపమని ఎంత అరిచినా ఆపకు. ఇవాళ్టి నా అరుపులన్నీ ఈ బస్సులోనే అయిపోవాలి."