నిండు పీపా

కొన్యాక్ ఊళ్ళో అన్నిటికంటే పాత బ్రాందీ దాచే గదిని స్వర్గం అంటారు. ఆ గదిలో మేనత్త సిడోనీ, మేనల్లుడు బాస్తియాన్.

"ఇంకోసారి చెప్పరా బాస్తియాన్. రేపు కొనేవాళ్ళ ముందు నీళ్ళు నమలకూడదు."

"వైన్‌ని రెండుసార్లు కాచి ఓక్ పీపాలో పొయ్యాలి. రెండేళ్ళుంటే వీఎస్. నాలుగుంటే వీఎస్‌ఓపీ. పదేళ్ళుంటే ఎక్స్‌ఓ. చాలా అత్తా?"

"పాతదాంట్లో రెండేళ్ళది కలిస్తే?"

"కలవదు."

"కలిస్తే అంటున్నా."

"చిన్నదాని వయసే లెక్క. మొత్తం వీఎస్ అయిపోతుంది. అయినా ఎవరు కలుపుతారు అలా?"

"ఎవరూ కలపరులే. నిచ్చెన పట్టుకో. పైన మీ నాన్న పీపా చూస్తా."

"దాన్ని చూసేదేముంది? నాన్న పోయాక ఎవరూ ముట్టలేదు."

"అమ్మేముందు కొలవాలి కదరా."

"దిగు అత్తా. ఆ పై మెట్టు మంచిది కాదు. నాన్న అక్కడినుంచే..."

"తెలుసు. బిరడా తీశాను. ఇదేంట్రా, అంచుదాకా ఉంది?"

"మంచిదేగా. చుక్క పోకుండా కాపాడాను."

"కాపాడావా? నువ్వు పుట్టిన ఏడు నింపిన పీపా ఇది. ఏటా కొంత ఆవిరైపోతుంది, దేవదూతలు వాళ్ళ వాటా తాగిపోతారు. ఆ ఆవిరికేగా ఈ గోడలన్నీ నల్లగా బూజుపట్టాయి. ఇప్పటికి సగానికి దిగిపోయుండాలి."

"చెక్క గట్టిదేమో."

"వాసన కూడా పచ్చిగా ఉంది. పాతది తోడి అమ్ముకున్నావు, కొత్తది పోసి నింపావు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టావురా."

"మెల్లగా మాట్లాడు అత్తా."

"ఏం, ఎవరున్నారు ఇక్కడ వినడానికి?"

"ఎవరూ లేరు."

"ఆ రోజు అన్నయ్య కొలకర్ర పట్టుకుని ఎక్కింది ఈ పీపా చూడ్డానికే కదూ?"

"నాకేం తెలుసు? నేను ద్రాక్షతోటలో ఉన్నానని పోలీసులకి చెప్పాగా."

"చెప్పావు, చెప్పావు. నాకూ అదే చెప్పావు."

"మరి ఇంకేం?"

"ఏం లేదు. దిగుతున్నా. నిచ్చెన కదుల్తోందిరా, పట్టుకున్నావా?"

"పట్టుకున్నా అత్తా. ఆ రోజూ ఇలాగే పట్టుకున్నా."