కౌంటర్ దగ్గర ఎవరుంటారు?

కూర్చోను తమ్ముడూ, నిలబడే చెప్తాను. కూర్చుంటే నువ్వు టీ తెప్పిస్తావు, అది తాగేసరికి నా కోపం చల్లారిపోతుంది. నా సంగతి నాకు తెలీదూ!

సార్ అనాలి కదూ ఇప్పుడు? డిజిటల్ విభాగం అధికారివి, అద్దాల గదిలో కూర్చున్నావు. కానీ ఈ లైబ్రరీలో చేరిన కొత్తలో వంటల పుస్తకాలన్నీ తీసుకెళ్ళి వైద్యం అరలో సర్దింది ఎవరయ్యా? అదేమిటంటే, "రెండూ కడుపు కోసమేగా అక్కా" అన్నావు. నేనైతే నవ్వాను. పుస్తకాలు దొరక్క వెతుక్కున్నవాళ్ళు నవ్వలేదు.

నవ్వకు. నవ్వించడానికి చెప్పడం లేదు.

నువ్వు కౌంటర్‌లో కూర్చుంటే వరస వరండా దాకా పాకేది. నేను కూర్చుంటే ఇట్టే ఖాళీ అయిపోయేది. అదీ నేను చేసిన నేరం! కేటలాగంతా కంప్యూటర్‌లోకి ఎక్కించడం నేర్పుతామని మొదటి శిక్షణ వచ్చినప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనా, కాదా? అప్పటి లైబ్రేరియన్ సారు ఏమన్నారు? "నువ్వెళ్తే కౌంటర్ దగ్గర ఎవరుంటారమ్మా? అతన్ని పంపుదాం, ఇక్కడున్నా లేకపోయినా ఒకటే." నీ ముందే అన్నారు. నువ్వు తల దించుకున్నావు. నీమీద నాకు జాలేసింది కూడాను.

పొగడ్త అనుకున్నానయ్యా! నేను లేకపోతే లైబ్రరీ నడవదని మురిసిపోయాను, పిచ్చిదాన్ని.

తర్వాత స్కానింగ్ శిక్షణ, అదీ నీకే. పాత పత్రికల్ని ఆన్‌లైన్‌లో పెట్టడం, దానికీ నువ్వే. ప్రతిసారీ నేను అడగడం, ప్రతిసారీ అదే మాట. చివరికి ప్రమోషన్ ఇంటర్వ్యూలో "డిజిటల్ శిక్షణ ఏమైనా పొందారా?" అన్నారు. ఏం చెప్పను? కౌంటర్ వదిలి రానివ్వలేదండీ అంటే అదో అర్హతా? ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. కొమ్ములు పై అంతస్తుకి వెళ్ళాయి. చెవులు మాత్రం కింద కౌంటర్ దగ్గరే ఉండిపోయాయి, ఎవరేం అడుగుతారో వింటూ.

కాదులే, నీ తప్పని అనను. పంపారు, వెళ్ళావు, నేర్చుకున్నావు. బాగానే నేర్చుకున్నావు. అదే నా కడుపుమంట. నన్ను పంపినా నేర్చుకునేదాన్ని కదా!

నిన్న నోటీసు బోర్డు మీద నా పేరు చూశాను. ఈసారి శిక్షణకి నన్నే పంపుతున్నారు! కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, మెట్ల కింద నిలబడి మీ బావగారికి ఫోన్ చేశాను. "ఇన్నాళ్ళకి నన్ను గుర్తించారండీ" అన్నాను. సాయంత్రానికి ఆయన కొత్త బ్యాగు కొనుక్కొచ్చారు, బళ్ళో వేసే పిల్లకి కొన్నట్టు.

ఇవాళ పొద్దున ఆ బ్యాగు భుజాన వేసుకుని వచ్చాను. కౌంటర్ లేదు. ఇద్దరు మనుషులు ఆ బల్ల మరలు విప్పి బయటికి మోస్తున్నారు. గుమ్మం పక్కన ఏదో మిషను పెట్టారు. పుస్తకం దానిమీద పెడితే చాలట, ఎవరు తీసుకున్నదీ అదే రాసుకుంటుందట, రసీదు కూడా ఇస్తుందట.

మిషను గురించి కాదు నా ఏడుపు. అది ఇవాళ కాకపోతే రేపైనా వచ్చేదే. నాకొక్కటి చెప్పు. ఈ శిక్షణ అయ్యాక నన్నెక్కడ వేస్తారు? మీ విభాగంలో ఖాళీ ఉందా? స్కానింగులోనా? కేటలాగులోనా?

చూశావా, ఫైలు తిరగేస్తున్నావు.

అర్థమైందిలే. ఇన్నాళ్ళూ కౌంటర్‌లో నేను పనికొస్తానని పంపలేదు. ఇప్పుడు పంపుతున్నారంటే ఎందుకో, అది తెలుసుకోడానికి కూడా శిక్షణ కావాలా?

సరే, వెళ్తాను. వెళ్ళక ఏం చేస్తాను? పాఠం చెప్పేది కూడా నువ్వేనటగా! చెప్పు, వింటాను. అర్థం కాకపోతే సార్ అని అడుగుతాను.

మీ బావగారు కనిపిస్తే మాత్రం ఈ కౌంటర్ సంగతి ఎత్తకు. ఆయన్ని ఇంకొన్నాళ్ళు గర్వపడనీ.